కుక్కల ఇన్సూరెన్స్ రెన్యువల్ గురించి ఐఆర్‌డీఏఐకి బహిరంగ లేఖ

ఐఆర్‌డీఏఐ చైర్మన్ గారికి, సభ్యులకి,

నమస్కారమండి. దేశంలో ఇన్సూరెన్స్ కంపెనీలన్నిటి మీదా అజమాయిషీ చేసే మీ సంస్థ హెడ్డాఫీసు హైదరాబాద్ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో, నేను ఉండేది నిజాంపేటలో, కావాలంటే ఈ లెటర్ చేత్తో పట్టుకొచ్చి ఇవ్వొచ్చు కానీ అందరికీ కనపడేలా రాస్తున్నా ఎందుకంటే ఇది నా ఒక్కదాని గొడవ కాదు, కుక్కకి పాలసీ తీసుకుని రెండో ఏడు రెన్యువల్ దాకా వచ్చిన చాలామందికి ఇదే ఎదురవుతోంది.

అడగాల్సింది ముందే అడిగేస్తా. పాలసీ ఉన్న ఏడాదిలో కుక్కకి జబ్బు చేస్తే, దానికి కంపెనీ క్లెయిమ్ కూడా కడితే, అదే జబ్బుని మరుసటి ఏడాది రెన్యువల్లో "ముందునుంచీ ఉన్న జబ్బు" (ప్రీ ఎగ్జిస్టింగ్) కింద రాసి కవర్ లోంచి తీసేయడం మీరు ఆపించాలి. రెన్యువల్ అంటే పాత పాలసీ కొనసాగడమే అని కుక్కల విషయంలో కూడా రూల్ రావాలి. మిగతావన్నీ దీని తర్వాతే.

మా జూలీ ల్యాబ్రడార్. రెండేళ్ళ వయసులో పాలసీ తీసుకున్నాం, అప్పటికి ఏ జబ్బూ లేదు, టీకాల కార్డు మొత్తం నిండుగా ఉంది, యాంటీ రేబీస్, నైన్ ఇన్ వన్ అన్నీ టైముకి వేయించినవే. పాలసీ ఏడాది నడుస్తుండగా వానాకాలంలో ఒక రోజు గిన్నె దగ్గరికొచ్చి వాసన చూసి వెనక్కి వెళ్ళి పడుకుంది. ల్యాబ్ అన్నం వద్దంటే ఇంట్లో అందరికీ భయం పట్టుకుంటుంది, పెంచేవాళ్ళకి తెలుసు. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్ళు తెల్లగా పాలిపోయున్నాయి, పొట్ట మీద బొచ్చు పల్చగా ఉండేచోట సూదితో పొడిచినట్టు ఎర్ర చుక్కలు. డాక్టర్ గారు కాలి వేళ్ళ మధ్య విడదీసి చూపించారు, శనగగింజంత ఉబ్బి ఒక గోమారు (టిక్) పట్టుకుని ఉంది. బ్లడ్ టెస్టులో ప్లేట్‌లెట్లు 38 వేలు, మామూలుగా రెండు లక్షల పైన ఉండాలి. గోమారు కుట్టడం వల్ల వచ్చే టిక్ ఫీవర్, ఆ క్రిమి పేరు ఎర్లికియా. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ 28 రోజులు, సెలైన్లు, మళ్ళీ మళ్ళీ బ్లడ్ టెస్టులు. కోలుకుంది. బిల్లులు పెట్టాం, కంపెనీ వాళ్ళు కొంత కోసి మిగతాది కట్టారు, అంతవరకు నాకు ఏ కంప్లైంటూ లేదు, థాంక్స్ కూడా చెప్పాను.

అసలు సంగతి రెన్యువల్‌కి వచ్చింది. ప్రీమియం పెరిగింది, సరే. లింకు నొక్కి డబ్బులు కట్టేశాక మెయిల్లో వచ్చిన షెడ్యూల్ పీడీఎఫ్‌లో ఆఖరి పేజీలో స్పెషల్ కండిషన్స్ అని ఒక బాక్స్ ఉంది, పోయిన ఏడు అది ఖాళీగా ఉండేది, ఇప్పుడు అందులో ఒక లైను చేరింది: ఎర్లికియోసిస్, దానికి సంబంధించిన అన్ని కాంప్లికేషన్లు కవర్ కావు. ఫోన్ చెయ్యలేదు, మెసేజ్ లేదు, రెన్యువల్ నోటీసులో ఆ మాట లేదు, డబ్బులు కట్టాకే తెలిసింది. అడిగితే, "మేడమ్, అది ఇప్పుడు ప్రీ ఎగ్జిస్టింగ్ అండి" అన్నారు. ఎప్పటికి ప్రీ? మీ పాలసీ నడుస్తున్నప్పుడే కదా వచ్చింది, మీరే కదా క్లెయిమ్ కట్టింది అంటే, ప్రతి ఏడాదీ కొత్త కాంట్రాక్టు అన్నారు. మీ బీమా భరోసా పోర్టల్లో కంప్లైంట్ పెడితే కంపెనీ నుంచి వచ్చిన జవాబు కూడా అంతే, పాలసీ వర్డింగ్ ప్రకారమే చేశాం అని.

ఇక్కడ టిక్ ఫీవర్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆ ఒక్క లైను ఎంత పెద్ద అన్యాయమో ఆ జబ్బు తీరు తెలిస్తేనే అర్థమవుతుంది. మన దగ్గర కుక్కల క్లినిక్‌కి ఏ రోజు వెళ్ళినా ఈ కేసు ఒకటైనా కనపడుతుంది. దీన్ని మోసే గోధుమరంగు గోమారు అడవిలో ఉండేది కాదు, మన ఇళ్ళ గోడల పగుళ్ళలో, మెట్ల సందుల్లో, కుక్క పడుకునే మ్యాటు మడతల్లో ఉంటుంది, ఒక్క ఆడ గోమారు వేల గుడ్లు పెడుతుంది. మందులు రాసినా, కాలర్ కట్టినా, నెలనెలా మాత్ర వేసినా అపార్ట్‌మెంట్ సెల్లార్లోంచో పార్కులోంచో ఇంకోటి వస్తుంది. దీనికి మన దగ్గర టీకా లేదు. పైగా ఒకసారి వచ్చి తగ్గిన కుక్కకి మళ్ళీ రాకుండా ఆపే ఇమ్యూనిటీ కూడా నిలబడదు, కొత్త గోమారు కుడితే కొత్తగా వస్తుంది.

అంటే జూలీకి రేపు మళ్ళీ టిక్ ఫీవర్ వస్తే అది పాతదా కొత్తదా? యాంటీబాడీ టెస్టు చేస్తే తగ్గిన తర్వాత కూడా నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి పాజిటివ్ చూపిస్తూనే ఉంటుంది. పీసీఆర్ చేస్తే క్రిమి ఇప్పుడు రక్తంలో ఉందని చెప్తుంది కానీ అది ఏ ఏడాది ఎక్కిందో చెప్పదు. ట్రీట్ చేసే డాక్టరే తేల్చి చెప్పలేని విషయాన్ని కంపెనీ ఒక్క లైనులో తేల్చేసింది, అదీ "అన్ని కాంప్లికేషన్లు" అన్న మాటతో. ఆ మాటలోకి ఏమేం వస్తాయో చూడండి. రక్తం తగ్గినా రావచ్చు, కిడ్నీ దెబ్బతిన్నా రావచ్చు, కంటిలో రక్తం చేరినా, ముక్కులోంచి రక్తం కారినా, కీళ్ళు వాచినా అన్నీ ఎర్లికియా వల్ల కూడా అయ్యేవే. కుక్క పెద్దదయ్యే కొద్దీ వచ్చే జబ్బుల్లో సగం దీనికి ముడిపెట్టి తోసేయొచ్చు. మిగిలిన పాలసీకి నేను ప్రీమియం మాత్రం మొత్తం కడుతున్నా.

సరే ఈ కంపెనీ వద్దు ఇంకోదానికి మారదాం అంటే అదీ కుదరదండి. మనుషుల హెల్త్ పాలసీకి పోర్టబిలిటీ, అంటే కంపెనీ మారే వీలు, ఇచ్చారు మీరు, వెయిటింగ్ పీరియడ్‌లో, అంటే కవర్ మొదలయ్యేదాకా ఆగాల్సిన గడువులో, అప్పటికే గడిచిన కాలాన్ని వెంట తెచ్చుకోవచ్చు. కుక్కకి అది లేదు. కొత్త కంపెనీ దగ్గర ఫామ్ నింపితే టిక్ ఫీవర్ అక్కడా పాత జబ్బే, వెయిటింగ్ పీరియడ్ మొదటినుంచి మొదలు, పైగా అప్పటికి వయసు దాటిపోతే అసలు తీసుకోరు. అంటే ఒకసారి జబ్బు చేసిన కుక్క ఎక్కడుంటే అక్కడే ఇరుక్కుపోతుంది, ఆ సంగతి కంపెనీకి తెలుసు.

మనుషుల విషయంలో మీరు చేసిన పనులు నేను చూశాను, వాటికి గౌరవం ఉంది. పాత జబ్బుల వెయిటింగ్ పీరియడ్ 48 నెలల నుంచి 36 నెలలకి తగ్గించారు, మారటోరియం, అంటే అన్నేళ్ళు పాలసీ నడిచాక మోసం ఉంటే తప్ప జబ్బు దాచారని క్లెయిమ్ కాదనకూడదన్న గడువు, ఎనిమిదేళ్ళ నుంచి ఐదేళ్ళకి తెచ్చారు, ముందు క్లెయిమ్ చేశాడన్న కారణంతో రెన్యువల్ కాదనకూడదని, సమ్ ఇన్సూర్డ్ (బీమా మొత్తం) పెంచకపోతే రెన్యువల్లో కొత్తగా అండర్‌రైటింగ్, అంటే రిస్కు మళ్ళీ లెక్కగట్టడం, చెయ్యకూడదని 2024 మే నెల మాస్టర్ సర్క్యులర్‌లో స్పష్టంగా రాశారు. మా అమ్మకి షుగర్ వచ్చాక కూడా పాలసీ అలాగే కొనసాగుతోందంటే ఆ రూల్స్ వల్లే. కుక్కల పాలసీలకి మాత్రం అవేవీ వర్తించవు. పేరుకి డాగ్ హెల్త్ కవర్ అని అమ్ముతారు, యాడ్‌లో హాస్పిటల్, స్టెతస్కోప్ బొమ్మలు వేస్తారు, రూల్స్ దగ్గరికొచ్చేసరికి ఆ హెల్త్ అన్న మాటకి విలువ ఉండదు. కుక్కల్ని మనుషులతో సమానంగా చూడమని నేను అడగట్లేదు. హెల్త్ పేరుతో అమ్మి ఏడాదికోసారి డబ్బు తీసుకునే ఏ ప్రొడక్ట్‌కైనా రెన్యువల్ న్యాయం ఒకటే ఉండాలంటున్నా.

ఇది ఎక్కడా లేని కోరికేం కాదు. స్వీడన్‌లో 1924లోనే కుక్కకి ఇన్సూరెన్స్ చేశారు. అమెరికాలో 1982లో మొదలైంది, అక్కడా ఇవే గొడవలు వచ్చి కాలిఫోర్నియా 2014లో పెట్ ఇన్సూరెన్స్‌కి విడిగా చట్టం చేసింది. ఆ తర్వాత 2022లో అక్కడి రాష్ట్రాల ఇన్సూరెన్స్ కమిషనర్ల సంఘం ఒక మోడల్ చట్టం తయారుచేసింది. మీ ఆఫీసులో వాళ్ళకి అది నాకంటే బాగా తెలిసుంటుంది, అయినా చదివేవాళ్ళ కోసం చెప్తున్నా: ముందు పాలసీలో కవర్ అయిన జబ్బుని రెన్యువల్లో ప్రీ ఎగ్జిస్టింగ్ అనకూడదు, రెన్యువల్‌కి మళ్ళీ వెయిటింగ్ పీరియడ్ పెట్టకూడదు, ఫలానాది పాత జబ్బు అని క్లెయిమ్ కాదంటే అది పాతదేనని నిరూపించాల్సింది కంపెనీ, కుక్క యజమాని కాదు. డాలస్‌లో ఉన్న మా కజిన్ వాళ్ళ కుక్క పాలసీ కాగితం తెప్పించుకుని చూశా, ప్రీ ఎగ్జిస్టింగ్ అంటే ఏంటో మొదటి పేజీల్లోనే అర్థమయ్యే మాటల్లో ఉంది. ఆ మోడల్ చట్టంలోని మూడు లైన్లు మన దగ్గర పెడితే చాలు, నా ఉత్తరంలో సగం అవసరం ఉండదు.

ఇప్పుడు వయసు సంగతి. మన దగ్గర చాలా పాలసీల్లో ఒక వయసు దాటితే కొత్తగా తీసుకోరు, ఇంకొంత దాటితే రెన్యువల్ కూడా ఆపేస్తారు, గ్రేట్ డేన్ లాంటి పెద్ద జాతులకి ఆ గీత ఇంకా ముందే గీస్తారు. ల్యాబ్ పది పన్నెండేళ్ళు బతుకుతుంది. తుంటి కీళ్ళు అరగడం, గడ్డలు, కిడ్నీ, గుండె అన్నీ ఎక్కువగా చివరి మూడు నాలుగేళ్ళలోనే వస్తాయి. చిన్నప్పటినుంచి ఏటా ప్రీమియం కట్టి, క్లెయిమే లేకుండా ఐదారేళ్ళు గడిపి, తీరా అవసరం వచ్చే వయసుకి మీ కుక్క ఎగ్జిట్ ఏజ్ దాటిందండి అంటే ఆ కట్టిన డబ్బుకి అర్థమేంటి. కొత్తగా ముసలి కుక్కని తెస్తే తీసుకోమని కంపెనీల్ని బలవంతపెట్టమనను, అది వాళ్ళకీ గిట్టుబాటు కాదు. కానీ చిన్న వయసులో చేరి మధ్యలో ఆపకుండా కట్టినవాళ్ళకి కుక్క బతికున్నంత కాలం రెన్యువల్ ఉండాలి. ప్రీమియం వయసుతో పెరుగుతుంది, పెరగనివ్వండి, ఏ వయసుకి ఎంత అవుతుందో ఆ పట్టిక మొదటిరోజే చేతికిస్తే కట్టగలమో లేదో మేమే చూసుకుంటాం.

వయసుతోనే ఇంకో చిక్కుంది. కెన్నెల్ క్లబ్ సర్టిఫికెట్ ఉన్న కుక్కకి పుట్టినతేదీ ఉంటుంది, వీధిలోంచి తెచ్చుకున్న ఊరకుక్కకి ఏముంటుంది? డాక్టర్ పళ్ళు చూసి "సుమారు మూడేళ్ళు" అని రాస్తారు, ఆ సుమారు మీదే ఎంట్రీ, ఎగ్జిట్ అన్నీ ఆధారపడతాయి. మా వీధిలో ఒక ఆంటీ అలా పెంచుకుంటున్న నల్లకుక్కకి ఒక క్లినిక్‌లో నాలుగని, ఇంకో క్లినిక్‌లో ఆరని రాశారు. ఊరకుక్కల్ని దత్తత తీసుకోండని ప్రభుత్వాలు, సంస్థలు అందరూ చెప్తున్నారు కదా, ఆ కుక్కకి మొదటి పాలసీలో రాసిన వయసే చివరిదాకా లెక్క అని ఒక మాట చెప్పండి చాలు.

హాస్పిటలైజేషన్ అన్న మాట కూడా మన పరిస్థితికి తగ్గట్టు తిరగరాయాలి. మన ఊళ్ళలో కుక్కల క్లినిక్ అంటే రెండు గదులు, ఒక స్టీలు టేబులు, రాత్రి ఉంచుకునే ఏర్పాటు చాలాచోట్ల ఉండదు. పొద్దున సెలైన్ ఎక్కించి కాలికి క్యానులా అలాగే ఉంచి కట్టు కట్టి పంపిస్తారు, సాయంత్రం మళ్ళీ తీసుకెళ్ళాలి. ప్రాణాపాయంలో ఉన్న కుక్కకి కూడా ఇదే పద్ధతి, ఇది ఓపీ కిందకి వస్తుందా అడ్మిషన్ కిందకి వస్తుందా? ఓపీ అంటే చాలా పాలసీల్లో విడిగా యాడ్ ఆన్ తీసుకోవాలి. నారాయణగూడ ప్రభుత్వ పశువుల ఆసుపత్రిలోనో రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీలోనో మంచి వైద్యం దొరుకుతుంది, కానీ అక్కడ ఓపీ చీటీ ఇస్తారు, మందులు, స్కానింగులు బయట చేయించుకుంటాం, ఒక్క ఫైనల్ బిల్లు, డిశ్చార్జ్ సమ్మరీ అంటే ఎక్కడినుంచి తేవాలి? డాక్యుమెంట్లు లేవని క్లెయిమ్ కొట్టేయకూడదని 2024 జూన్‌లో జనరల్ ఇన్సూరెన్స్‌కి మీరే చెప్పారు, అది కుక్కల పాలసీలకి కూడా అమలవుతోందో లేదో ఒకసారి తనిఖీ చేయించండి. ప్రిస్క్రిప్షన్, ల్యాబ్ రిపోర్టు, మందుల బిల్లు ఈ మూడూ ఉంటే సరిపోయేలా ఒక కామన్ క్లెయిమ్ ఫామ్ తెస్తే డాక్టర్లకీ పని తగ్గుతుంది, ఇప్పుడైతే కంపెనీకో ఫామ్, అది నింపమని అడిగితే పాపం వాళ్ళు బయట క్యూ చూపిస్తారు.

జంతువులకి ఇన్సూరెన్స్ కష్టం, మోసాలు జరుగుతాయి, ఏ కుక్కో ఏ కుక్క పేరు మీద క్లెయిమ్ చేస్తారో అని కంపెనీలు అంటాయి. మా నాన్నకి ఊళ్ళో గేదెలుండేవి, చెవికి పసుపు ట్యాగ్ ఉంటేనే క్లెయిమ్, ట్యాగ్ పోతే లేదు, ఆ రూల్ ఊళ్ళో చదువురాని వాళ్ళకి కూడా తెలుసు. పశువుల బీమాలో రైతు కట్టే వాటాని కేంద్రం 2024 ఫిబ్రవరిలో 15 శాతానికి తగ్గించింది కూడా. అంటే గుర్తింపు ఎలా, డాక్టర్ సర్టిఫికెట్ ఎలా, పోస్ట్‌మార్టం ఎలా అన్నవన్నీ ఈ దేశంలో ఎప్పటినుంచో నడుస్తున్న పద్ధతులే. కుక్కకి చెవి ట్యాగ్ అక్కర్లేదు, బియ్యంగింజంత మైక్రోచిప్ మెడ చర్మం కింద పెడతారు, స్కానర్ పెడితే నంబరు వస్తుంది. పాలసీకి చిప్ తప్పనిసరి చెయ్యండి, మేం వేయించుకుంటాం, దానికి బదులుగా "ఇది ఆ కుక్కేనా" అన్న అనుమానంతో క్లెయిమ్ ఆపడం మానిపించండి. సబ్సిడీ ఏమీ అడగట్లేదు.

ఈ లెటర్ చదివే కుక్కల వాళ్ళకి కూడా ఒక రెండు మాటలు చెప్పాలనిపిస్తోంది, రూల్స్ మారేదాకా మనం మన జాగ్రత్తలో ఉండాలి కాబట్టి. పాలసీ ఎంచుకునేటప్పుడు అందరూ సమ్ ఇన్సూర్డ్, ప్రీమియం ఈ రెండే చూస్తారు, దయచేసి పాలసీ వర్డింగ్ మొత్తం డౌన్‌లోడ్ చేసుకుని అందులో "రెన్యువల్" అన్న మాట వెతకండి, అక్కడ ఏం రాసుందో అదే అసలు పాలసీ. తర్వాత ప్రీ ఎగ్జిస్టింగ్ డెఫినిషన్ చూడండి, "మొదటి పాలసీ మొదలవ్వకముందు" అనుందా లేక "ఈ పాలసీ మొదలవ్వకముందు" అనుందా, ఆ ఒక్క పదంలోనే తేడా అంతా ఉంది. టీకాతో ఆపగలిగే జబ్బులు, అంటే పార్వో, డిస్టెంపర్, రేబీస్ లాంటివి చాలా పాలసీల్లో కవర్ కావు లేదా టీకాల రికార్డు అడుగుతారు, కాబట్టి కార్డులో స్టిక్కర్, డాక్టర్ సంతకం, తేదీ లేకుండా క్లినిక్ నుంచి బయటికి రావద్దు. ఆడకుక్క ఉంటే గర్భసంచి ఇన్ఫెక్షన్, అదే పయోమెట్రా, కవర్ అవుతుందో లేదో రాతపూర్వకంగా అడిగి పెట్టుకోండి, ఆపరేషన్ అర్జెంటుగా చెయ్యాల్సి వస్తుంది, అప్పుడు ఫోన్లు చేస్తూ కూర్చునే టైముండదు. కుక్క ఎవరినైనా కరిస్తే వచ్చే ఖర్చుకి థర్డ్ పార్టీ లయబిలిటీ అని ఉంటుంది, అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళు అది తీసుకోవడం మంచిది. రెన్యువల్ డేట్‌కి నెల ముందే కంపెనీకి మెయిల్ పెట్టండి, కొత్త కండిషన్లు ఏమైనా చేరుస్తున్నారా చెప్పండి అని, జవాబు వచ్చాకే కట్టండి. ఒక్కరోజు కూడా బ్రేక్ రానివ్వకండి. కంపెనీ జవాబు నచ్చకపోతే బీమా భరోసాలో పెట్టండి, నంబరు 155255, అక్కడా తేలకపోతే పాలసీదారుల ఫిర్యాదులు తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళొచ్చు, ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. నేనూ ఇప్పుడు ఆ కాగితాలే సర్దుకుంటున్నా.

చైర్మన్ గారూ, ఇంకొక్కటి. పాలసీ సారాంశం సులువైన మాటల్లో రాసిచ్చే షీటు ఒకటి మీరు పెట్టారు, హెల్త్ పాలసీల్లో అడిగితే స్థానిక భాషలో ఇవ్వాలని కూడా ఉంది. కుక్కల పాలసీకి అది తెలుగులో ఇప్పించండి. మా ఇంట్లో జూలీని పగలంతా చూసుకునేది మా అత్తయ్య, గోమార్లు ఏరేది, మాత్ర పెరుగన్నంలో కలిపి పెట్టేది, క్లినిక్‌కి ఆటోలో తీసుకెళ్ళేది అన్నీ ఆవిడే. ఏది కవర్ అవుతుంది, ఎన్ని గంటల్లో కంపెనీకి చెప్పాలి అన్నది ఆవిడ చదువుకోగలిగేలా ఒక పేజీ ఉండాలి. షీటు మొదట్లోనే, పోయిన ఏడాదికీ ఈ ఏడాదికీ ఏం మారింది అన్నది విడిగా, పెద్ద అక్షరాల్లో, డబ్బులు కట్టకముందు కనపడాలి.

2024లో పాలసీదారుల ప్రయోజనాల రక్షణకని రెగ్యులేషన్స్ తెచ్చారు, 1999 చట్టం మీకు అప్పజెప్పిన మొదటి పని కూడా అదే. కుక్కకి పాలసీ తీసుకున్నవాళ్ళు కూడా పాలసీదారులే. రెన్యువల్ గురించి కంపెనీలకి ఒక సర్క్యులర్ ఇవ్వండి, దానికి ముందు ముసాయిదా పెట్టి అభిప్రాయాలు అడిగితే నాలాంటివాళ్ళు, వెటర్నరీ డాక్టర్లు అందరం రాస్తాం, బిల్లులు, రిపోర్టులు, ఆ షెడ్యూల్ పీడీఎఫ్‌లు రెండూ పక్కపక్కన పెట్టి పంపిస్తాం. పిలిస్తే ఆఫీసుకి వచ్చి చెప్పడానికి కూడా నేను సిద్ధం.

ఇట్లు,
ఒక పాలసీదారు,
నిజాంపేట, హైదరాబాద్